గ్లోరియా మాట ఎవరు నమ్మారు?

మెక్సికో నగరంలో ఒక కతోలిక దేవాలయం. పవిత్ర గురువారం. క్రీస్తు శిష్యుల కాళ్ళు కడిగిన ఘట్టాన్ని స్మరిస్తూ గురువు వరసగా కూర్చున్న బాలుర పాదాలు కడిగి, తుడిచి, ముద్దుపెట్టుకుంటున్నాడు. ఆంధ్ర, తెలంగాణల్లోని కతోలిక దేవాలయాల్లో కూడా ఈస్టర్‌కు ముందు గురువారం ఏటా జరిగే క్రతువే ఇది. గురువుకు సాయంగా నిలబడిన నడివయసు పెద్దమనిషి ఫ్రాన్సిస్కో. అతని చూపు బాలుర పాదాల మీంచి జారి భక్తుల కాళ్ళ మీదికి పోతుంది. ఒక్కో జత బూట్లనూ దాటుకుంటూ సాగుతుంది. ఒక స్త్రీ పాదాలను కూడా అలాగే దాటేస్తుంది, కానీ ఆగి, మళ్ళీ వెనక్కి వస్తుంది. అక్కణ్ణుంచి పైకి లేచి ఆమె ముఖం చేరుతుంది.

ఒక్క సంభాషణ లేకుండా కథ మొదలైపోయింది. ఆ మనిషికి ముందు నచ్చింది పాదాలు, తరువాతే ముఖం. పూజకు, కోరికకు మధ్య అతనిలో గోడ లేదని తెలిసిపోయింది. ఆమెకింకా ఏమీ తెలియదు. ప్రేక్షకుడు మాత్రం అప్పటికే అతని కళ్ళతో ఆమెను చూసేశాడు. లూయిస్ బున్యుయెల్ 1953లో తీసిన 'ఎల్' చిత్రంలో ఆ చివరి సంగతే అన్నిటికన్నా ముఖ్యం. ఎవరి కళ్ళతో చూస్తున్నాం, ఎవరి నోట వింటున్నాం అన్నదాన్ని కథ నడుస్తుండగా మార్చేయడమే ఈ సినిమా కథనంలోని అసలు బలం.

'ఎల్' అంటే 'అతను'. గంటన్నర సినిమా. బున్యుయెల్ స్పెయిన్‌లోని కలాందాలో 1900లో పుట్టాడు. పారిస్‌లో సల్వదోర్ దాలీతో కలిసి అధివాస్తవిక సినిమా తీసి గగ్గోలు పుట్టించాడు. 1946లో మెక్సికో చేరి, 1949లో అక్కడి పౌరుడయ్యాడు. 1950 నాటి 'లోస్ ఓల్విదాదోస్'కు మరుసటి ఏడాది కాన్ ఉత్సవంలో ఉత్తమ దర్శకుడి పురస్కారం వచ్చింది. అయినా మెక్సికోలో ఆయన బతుకుతెరువు అక్కడి వ్యాపార సినిమాతోనే. తక్కువ డబ్బు, మూడు నాలుగు వారాల షూటింగు, పేరున్న తారలు, కన్నీళ్ళు పెట్టించే కుటుంబ కథలు. ఆ చట్రం ఆయనకు అడ్డు కాలేదు. మెలోడ్రామాలో అందరికీ అలవాటైన పనిముట్లనే తీసుకుని, వాటిని ఎదురు దిక్కుకు తిప్పాడు.

తారల ఎంపికతోనే ఆ పని మొదలైంది. ఫ్రాన్సిస్కో పాత్ర వేసిన అర్తురో దె కోర్దొవా అప్పట్లో మెక్సికోలో పెద్ద కథానాయకుడు. హుందాగా మాట్లాడే, లోలోపల నలిగిపోయే ప్రేమికుడిగా జనం అతన్ని అప్పటికే ఆరాధిస్తున్నారు. మరియా ఫెలిక్స్ సరసన 'లా దియోసా అర్రోదియాదా' (1947)లో కనిపించింది అలాంటి మనిషే. ఆ గొంతు వింటే చాలు, నమ్మాలనిపిస్తుంది. ఆ నమ్మకాన్నే బున్యుయెల్ వాడుకున్నాడు. కొత్త నటుణ్ణి పెట్టి ఉంటే ప్రేక్షకుడు మొదటి నుంచీ అనుమానించేవాడు.

అందుకే మొదటి భాగం అచ్చంగా ప్రేమకథలా సాగుతుంది. ఫ్రాన్సిస్కో కులీనుడు, ధనికుడు, భక్తుడు. ఆ వయసు వరకూ స్త్రీ స్పర్శ ఎరుగని మనిషి. దేవాలయం గుమ్మం దగ్గర తీర్థజలం అందించే నెపంతో గ్లోరియా అనే ఆ స్త్రీ వేళ్ళను తాకుతాడు. మళ్ళీ మళ్ళీ వెంటపడతాడు. ఆమె తన స్నేహితుడు, ఇంజనీరు రావుల్‌కు కాబోయే భార్య అని తెలిశాక ఇద్దరినీ, ఆమె తల్లినీ తన భవంతికి విందుకు పిలుస్తాడు. అక్కడ ప్రేమ గురించి మాట్లాడతాడు. అది చూడగానే తగిలే బాణమని, చిన్ననాటి నుంచీ మనిషి లోపల తయారవుతూ వస్తుందని అంటాడు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళతో పాటు సినిమా చూస్తున్నవాళ్ళు కూడా ముగ్ధులైపోతారు. తోటలో ఇద్దరూ ముద్దుపెట్టుకుంటారు. మరుక్షణం తెర మీద డైనమైట్ పేలుడు! రావుల్ పనిచేసే కట్టడం చోట కొండను పేలుస్తున్నారు. పెళ్ళి, మధుయామిని, కాపురం ఏవీ చూపించకుండా ఆ ఒక్క కోతతో కథ నెలలు దాటేస్తుంది.

ఈ కోత గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ముద్దు దగ్గర శుభం కార్డు పడే సినిమాలు వందల కొద్దీ ఉన్నాయి. వాటిలో చూపించని భాగమే తన కథ అని బున్యుయెల్ ఇక్కడ తేల్చిచెబుతున్నాడు. అంతేకాదు, దాన్ని తానుగా చూపించడు, గ్లోరియా చేత చెప్పిస్తాడు. నగరానికి తిరిగొచ్చిన రావుల్ కారుకు దాదాపు అడ్డంగా పడుతుంది ఆమె. బెదిరిపోయి ఉంది. కారెక్కి, తన కాపురం కథంతా అతనికి వినిపిస్తుంది. సినిమా నడిమి భాగమంతా ఆమె జ్ఞాపకమే.

ఆమె కథ పెళ్ళినాటి రాత్రి రైలు పెట్టెలో మొదలవుతుంది. ముద్దుపెట్టుకోబోతూ ఫ్రాన్సిస్కో ఆగిపోతాడు. కళ్ళు మూసుకున్న ఆమెను, ఎవరి గురించి ఆలోచిస్తున్నావని అడుగుతాడు. నీ గురించే అన్నా ఒప్పుకోడు. కొత్త కాపురానికి గ్వానహ్వాతో వెళ్తారు. అక్కడి ఆస్తులు ఒకప్పుడు తన తాతలవని, కోర్టులో గెలిచి తిరిగి సంపాదిస్తానని అతని పట్టుదల. ఊరిని ఎత్తునుంచి చూపిస్తూ మురిసిపోతాడు. అదే ఊళ్ళో ఆమెకు పాత పరిచయస్తుడు ఎదురుపడితే, అతను పక్క గది నుంచి తమను తొంగి చూస్తున్నాడని నమ్మి, తాళం చెవి రంధ్రంలోంచి పొడవాటి సూది గుచ్చుతాడు. అవతల ఎవరూ లేరు.

దావా, దాంపత్యం రెండూ అతనికి ఒకటే. భూమి తనది, ఎవరో లాక్కున్నారు. భార్య తనది, ఎవరో లాక్కోబోతున్నారు. చిత్రకథ రాసిన బున్యుయెల్, లూయిస్ అల్కొరీసా ఈ పోలికను ఎక్కడా మాటల్లో చెప్పించరు. ఒక లాయరు కేసు నిలవదంటే అతన్ని తీసేస్తాడు ఫ్రాన్సిస్కో. ఇంకో లాయరును మంచి చేసుకోవడానికి విందులో అతనితో మర్యాదగా ఉండమని భార్యకు తానే చెబుతాడు. ఆమె అతనితో నాట్యం చేసేసరికి అదే నేరమవుతుంది. ఆ రాత్రి ఆమె కేకలు ఇల్లంతా వినబడతాయి. ప్రేమకథలో ఆస్తి తగాదా ఎందుకని అడిగేవాళ్ళకు ఆ దృశ్యమే జవాబు.

సినిమా గుండె ఇక్కడే ఉంది. గ్లోరియా తల్లి దగ్గరికి వెళ్తుంది. తల్లికి అల్లుడి మాటే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. అంత మంచి మనిషి, అంత ఆస్తి, కాస్త సర్దుకోవాలి కదా. తరువాత విచారణ గురువు ఫాదర్ వెలాస్కో దగ్గరికి వెళ్తుంది. ఆయన ఫ్రాన్సిస్కోను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు కనుక ఆమెనే మందలిస్తాడు. ఆ నాట్యం సంగతి ఆయన చెవిన కూడా పడింది మరి. ఆమె గురువుతో మాట్లాడిందని తెలిసి ఫ్రాన్సిస్కో తుపాకీతో కాలుస్తాడు. అవి తూటాల్లేని ఉత్త పేలుళ్ళు. ఆమె నేలకూలుతుంది. ఇల్లు, గుడి, భర్త మూడూ ఒకే మాట మీద నిలిచాయి. ఆమె చెప్పేది మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఆమె మాట వింటున్నవాళ్ళలో ప్రేక్షకుడు కూడా ఒకడు. విందు బల్ల దగ్గర ఫ్రాన్సిస్కోను చూసి మురిసిపోయినవాడూ అతనే. కథను వరసగా మొదటి నుంచి చెప్పి ఉంటే ఫ్రాన్సిస్కో క్రమంగా దిగజారిన మనిషిగా కనిపించేవాడు, జాలితో సరిపెట్టుకునేవాళ్ళం. ముందు అతని కళ్ళతో చూపించి, తరువాత ఆమె నోట వినిపించడం వల్ల తల్లీ, గురువూ చేసిన తప్పు మనమూ చేశామని తెలిసివస్తుంది. అధివాస్తవిక దృశ్యాలకన్నా, కలలకన్నా ఈ అమరికే బున్యుయెల్ సాధించిన పెద్ద విజయమని ఈ వ్యాసం వాదన.

ఈ కథకు మూలం కూడా ఒక స్త్రీ చెప్పుకున్న బాధే. కేనరీ దీవుల్లో పుట్టిన రచయిత్రి మెర్సెదెస్ పింతో తన మొదటి భర్తతో గడిపిన నరకాన్ని ఆధారం చేసుకుని రాసిన నవల 'ఎల్'. 1926లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో అచ్చయింది. స్పెయిన్‌లో అచ్చుకాకపోవడానికి కారణం ఉంది. 1923లో ఆమె మద్రిద్ విశ్వవిద్యాలయంలో విడాకులు ఆరోగ్యరక్షణకు అవసరమైన చర్య అని ఉపన్యసించింది. నియంత ప్రిమో దె రివేరా పాలనలో అది సహించరాని మాట. ఆమె దేశం విడిచి ఉరుగ్వే చేరవలసివచ్చింది. స్పెయిన్‌లో విడాకుల చట్టం 1932లో వచ్చి, ఫ్రాంకో కాలంలో రద్దయి, మళ్ళీ 1981లో గానీ రాలేదు. 1976లో చనిపోయిన పింతో ఆ రోజును చూడలేదు. సినిమా గురించి రాసేవాళ్ళు చాలాసార్లు బున్యుయెల్ దగ్గరే ఆగిపోతారు. నడిమి భాగమంతా భార్య గొంతులో సాగడానికి పునాది ఆ నవలే.

బున్యుయెల్‌కు ఆ భర్త కొత్తవాడేమీ కాదు. తన సినిమాలన్నిటిలో తనను ఎక్కువగా పెట్టుకున్నది బహుశా దీనిలోనేనని, ఫ్రాన్సిస్కోలో తన అంశ ఉందని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన భార్య ఝాన్ రుకార్ 1990లో వెలువరించిన జ్ఞాపకాల పుస్తకానికి పెట్టుకున్న పేరు 'పియానో లేని ఒక స్త్రీ జ్ఞాపకాలు'. ఆమెకు ఇష్టమైన పియానోను ఆయన ఒకరోజు మూడు షాంపేన్ సీసాలకు ఇచ్చేశాడు. భర్త అసూయనూ, ఇంట్లో ఆయన పెత్తనాన్నీ ఆమె ఆ పుస్తకంలో దాచకుండా రాసింది. దర్శకుణ్ణి నిందించడానికి ఈ సంగతి చెప్పుకోవడం లేదు. తాను ఎరిగిన జబ్బును తెర మీద పెట్టేటప్పుడు బాధితురాలి గొంతును ఎంచుకోవడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యం ఆయన చూపించాడు.

ఇక వస్తువుల సంగతి. బున్యుయెల్ పిచ్చిని వర్ణించడు, దాన్ని వస్తువుల మీదికి పంపేస్తాడు. గోడ మీద పటం కాస్త ఒరిగితే ఫ్రాన్సిస్కో తట్టుకోలేడు, వెంటనే సరిచేస్తాడు. అంత తిన్నదనం కోరుకునే మనిషి ఇల్లు మాత్రం నిండా వంకరలే. 1900 నాటి పారిస్ నవ్యకళా శైలిలో మెలికలు తిరిగే మెట్లూ, తీగల్లా పాకే అలంకారాలూ ఉన్న భవంతి అది. భార్యతో గొడవపడి ముఖం చూసుకోకుండా భోంచేస్తున్న రోజున, కింద పడిన వస్తువు కోసం వంగితే బల్ల కింద ఆమె బూట్లు కనిపిస్తాయి. కోపం పోయి ముద్దులు మొదలవుతాయి. మొదటి దృశ్యం చూసినవారికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఇంకో రాత్రి మేడమెట్ల మీద వంకరటింకరగా నడిచి, ఒక కడ్డీ తీసుకుని మెట్ల కమ్మీలను అదే పనిగా కొడుతూ కూర్చుంటాడు. సంగీతం అక్కర్లేని దృశ్యం అది. ఆ చప్పుడే చాలు.

వీటన్నిటికన్నా భయపెట్టే దృశ్యంలో జరిగేది ఏమీ లేదు. గ్లోరియా నిద్రపోతోంది. ఫ్రాన్సిస్కో దూది, కత్తెర, బ్లేడు, సూదీదారం, తాడు ఒక్కొక్కటీ పోగుచేసుకుంటాడు. ఆమె గదిలోకి అడుగుపెడతాడు. ఆమె లేచి అరుస్తుంది, అతను పారిపోతాడు. ఏం చేయబోయాడో సినిమా చెప్పదు. ఫ్రెంచ్ రచయిత సాద్ పుస్తకాలు చదివినవారికి స్ఫురిస్తుంది, చదవనివారికి ఊహే మిగులుతుంది. నాటి సెన్సారుకు కత్తిరించడానికి ఏ చర్యా లేదు. ఉన్నవల్లా ఇంట్లో ఉండే వస్తువులే.

కెమెరా పట్టింది గాబ్రియేల్ ఫిగెరోవా. ఎమిలియో ఫెర్నాందెస్ తీసిన 'మరియా కందెలారియా' వంటి చిత్రాలతో మెక్సికో మేఘాలనూ, కిత్తనార తోటలనూ లోకానికి చూపించినవాడు. బున్యుయెల్‌కు అందమైన చిత్రాల మీద మోజు లేదు. తరువాతి కాలంలో 'నసరీన్' తీస్తున్నప్పుడు ఫిగెరోవా అగ్నిపర్వతమూ తెల్లని మబ్బులూ కనబడేలా కెమెరా అమరిస్తే, బున్యుయెల్ దాన్ని అటు నుంచి తిప్పి ఏ ప్రత్యేకతా లేని దృశ్యం మీద పెట్టించాడన్నది సినిమావాళ్ళు ఇష్టంగా చెప్పుకునే సంగతి. 'ఎల్'లో కాంతి మామూలు ఇంటి కాంతే. భయం దానివల్లనే పెరుగుతుంది.

దేవాలయ గోపురం దృశ్యాన్ని మాత్రం ఎవరూ మరిచిపోలేరు. భార్యను గంటలున్న చోటికి తీసుకెళ్ళి, కింద తిరిగే మనుషులు పురుగుల్లా ఉన్నారంటాడు ఫ్రాన్సిస్కో. తాను దేవుణ్ణయితే వాళ్ళను క్షమించనంటాడు. మరుక్షణం ఆమె గొంతు పట్టుకుని కిందికి తోయబోతాడు. ఐదేళ్ళ తరువాత హిచ్‌కాక్ తీసిన 'వెర్టిగో'లోనూ కథ గంట గోపురం మీదే తేలుతుంది. అక్కడా ఒక మగవాడు తన ఊహలోని స్త్రీని బతికున్న స్త్రీ మీద రుద్దుతాడు. 1972లో దర్శకుడు జార్జ్ క్యూకర్ ఇంట్లో విందులో హిచ్‌కాక్, బున్యుయెల్ పక్కపక్కన కూర్చున్నారు. బున్యుయెల్ సినిమా 'త్రిస్తానా'లో తెగిపోయిన కాలి గురించే హిచ్‌కాక్ పదేపదే మాట్లాడాడట. 'వెర్టిగో' చూస్తున్నవాళ్ళు గోపురం చివరి వరకూ ఆ పురుషుడి వేదనలోనే ఎక్కువగా మునిగి ఉంటారు. 'ఎల్'లో గోపురం కథను చెబుతున్నది దాని మీంచి ప్రాణాలతో దిగివచ్చిన స్త్రీ.

ఆమె కథ ముగిశాక సినిమా మళ్ళీ చేతులు మారుతుంది. రావుల్ ఆమెను నమ్ముతాడు, వెళ్ళిపోమంటాడు. ఇంటి దగ్గర ఆమె రావుల్ కారు దిగడం ఫ్రాన్సిస్కో కిటికీలోంచి చూస్తాడు. దావా కాగితాలు టైపు చేసిపెట్టమని పిల్లవాడిలా ఏడుస్తూ ఆమెనే ఆశ్రయిస్తాడు. ఆ ఏడుపులో నటన లేదు, అందుకే ఆమె ఇన్నాళ్ళూ ఆగిపోయింది. చివరికి ఆమె పారిపోతుంది. తుపాకీ పట్టుకుని వెతుకుతూ దేవాలయంలోకి దూరిన ఫ్రాన్సిస్కోకు, ప్రార్థిస్తున్న జనం తనను చూసి పగలబడి నవ్వుతున్నట్టు కనిపిస్తుంది. ఒక క్షణం భక్తులు తలవంచుకుని ఉంటారు, మరుక్షణం అదే ముఖాలు వెక్కిరిస్తాయి. మళ్ళీ మామూలే. సినిమా మొత్తంలో అతని మెదడు లోపలికి వెళ్ళేది ఈ ఒక్కసారే. ఆమె చెప్పింది అబద్ధం కాదని అప్పటికే రుజువైంది కనుక, ఇప్పుడు అతని బాధను చూసినా ప్రేక్షకుడు మోసపోడు. అతను దాడి చేసేది తనను ఎప్పుడూ వెనకేసుకొచ్చిన ఫాదర్ వెలాస్కో మీదే.

మెక్సికోలో జనం ఈ సినిమాను చూసి నవ్వారు. సూది గుచ్చే దృశ్యానికి హాల్లో నవ్వులు వినబడ్డాయని బున్యుయెల్ రాసుకున్నాడు. దె కోర్దొవా పేరు మీద రెండు మూడు వారాలు ఆడిందంతే. 1953లో కాన్‌లోనూ మెప్పు దొరకలేదు. మొదట కొట్టిపారేసిన ఫ్రెంచ్ కవి జాన్ కాక్టో తరువాత అభిప్రాయం మార్చుకున్నాడు. పారిస్‌లో మనోవిశ్లేషకుడు జాక్ లకాన్ మాత్రం అనుమానపు ఉన్మాదానికి ఉదాహరణగా దీన్ని చూపించాడు. పురుగుల శాస్త్రం చదివిన బున్యుయెల్‌కు ఆ గౌరవం నచ్చింది. ఆయన ఫ్రాన్సిస్కోను పురుగును చూసినంత శ్రద్ధగానే గమనించాడు. వైద్యులకు ఉదాహరణ కావడంలో ఒక చిక్కుంది. అది ఫ్రాన్సిస్కో ఒక్కడి జబ్బుగా మిగిలిపోతుంది. సినిమాలో జబ్బు మొదట్లోనే బయటపడే చోటు వేరు. బట్లరు పాబ్లో పనిపిల్ల మీద చెయ్యి వేస్తే, ఫ్రాన్సిస్కో పనిలోంచి తీసేయమనేది ఆ పిల్లనే. ఆ ఇంటి నీతి అప్పుడే తెలిసింది.

ముగింపులో కాలం దాటుతుంది. కొలంబియాలో ఒక మఠం. సన్యాసి అయిన ఫ్రాన్సిస్కోను చూసిపోదామని రావుల్, గ్లోరియా ఒక పిల్లవాడితో వస్తారు. పిల్లవాడి పేరు కూడా ఫ్రాన్సిస్కో. మీ బిడ్డేనా అని మఠాధిపతి అడిగితే వాళ్ళిద్దరూ జవాబివ్వరు. వాళ్ళు వెళ్ళాక, తాను అనుకున్నదే నిజమని కాలం రుజువు చేసిందంటాడు ఫ్రాన్సిస్కో. తోట దారిలో వంకరటింకరగా నడుస్తూ వెళ్తాడు. ఆ సన్యాసి వస్త్రాల్లో నడిచింది దె కోర్దొవా కాదు, బున్యుయెల్ స్వయంగా.

స్పానిష్ సినిమా ఈ కథను మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది. గ్లోరియాకు దగ్గరి చుట్టం ఇసియార్ బొల్యాయిన్ 2003లో తీసిన 'తె దోయ్ మిస్ ఓహోస్'లోని పిలార్. తొలేదో నగరం. భర్త ఆంతోనియో ఆమెను కొడతాడు, ఏడుస్తాడు, బతిమాలతాడు. తల్లి ఇక్కడ కూడా భర్త దగ్గరికే వెళ్ళమంటుంది. బొల్యాయిన్ ఆంతోనియోను రాక్షసుణ్ణి చేయలేదు. తనలాంటి మగవాళ్ళతో కలిసి కోపాన్ని అదుపులో పెట్టుకునే చికిత్సకు వెళ్ళడం చూపించింది. అతని మీద జాలి పడుతూనే పిలార్ మాట నమ్మే అవకాశం ప్రేక్షకుడికి ఇచ్చింది. ఆ చిత్రం ఉత్తమ చిత్రంతో సహా ఏడు గోయా పురస్కారాలు అందుకుంది. పిలార్‌కు గ్లోరియాకు లేనిది ఒకటుంది. ఎల్ గ్రెకో వేసిన వర్ణచిత్రం ఉన్న సాంతో తొమే చర్చిలో టిక్కెట్లు అమ్మే ఉద్యోగం, అక్కడ పరిచయమైన తోటి ఉద్యోగినులు. తన సామాను తెచ్చుకోవడానికి ఆఖరిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు పిలార్ ఒంటరిగా వెళ్ళదు. వాళ్ళలో ఇద్దరు ఆమెకు తోడు వస్తారు.